ముందు ఏ చెయ్యి?

డాక్టర్ హాజిమ్ స్కాను తెర వైపే చూస్తూ మాట్లాడాడు.

"కూర్చుంది. పాషాగారిలా కూర్చుంది మీ అమ్మాయి. తల పైన, పిర్రలు కింద."

రావియా మెడ తిప్పి చూసింది. బూడిదరంగు మబ్బులు తప్ప ఆమెకేమీ కనపడలేదు. ఆయన యంత్రపు మూతిని ఆమె పక్కటెముకల కింద ఆనించి, ఇటూ అటూ జరిపి, తీసి కొక్కేనికి తగిలించాడు. జెల్లు తుడుచుకోవడానికి కాగితం అందించాడు.

"ముప్పయ్యారు వారాలు నిండాయి. వచ్చే గురువారం కాకుండా ఆ పై గురువారం చేసేద్దాం. పొద్దున ఏడింటికి వచ్చేయండి, పరగడుపున."

"ఇంక తిరగదా డాక్టరు గారూ?"

"తిరగదమ్మా. లోపల చోటు లేదు."

"తిప్పితే?"

ఆయన నవ్వాడు. వెటకారపు నవ్వు కాదు, చిన్నపిల్ల అడిగిన ప్రశ్నకు పెద్దవాళ్లు నవ్వే నవ్వు. "తిప్పడానికి అదేమన్నా తాళంచెవా? ఎదురుకాళ్ల బిడ్డంటే ఆపరేషనే. ఇందులో చర్చ లేదు."

గోడ పక్క కుర్చీలో కూర్చున్న అత్తగారు, హాజ్జా ఇన్సాఫ్, చేతిసంచీ సర్దుకుంటూ లేచింది. "విన్నావుగా? మొహం అలా పెట్టకు. మంచి కుటుంబాల వాళ్లందరూ ఇప్పుడు డేటు తీసుకునే కంటున్నారు. పడకలు విరిగేలా అరిచే రోజులు పోయాయి."

బయట గదిలో పదకొండు మంది గర్భిణులున్నారు. రావియా కార్డు కోసం నిలబడ్డ కాసేపట్లో వాళ్ల మాటలన్నీ చెవిన పడ్డాయి. "నీదెప్పుడు?" "పద్నాలుగు." "నాకూ పద్నాలుగే ఇచ్చారు గానీ ఆ రోజు మా మరిది పెళ్లి, పదహారుకి మార్పించుకున్నా." పరీక్ష తేదీల గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటున్నారు. ఇంతమందిలో ఒక్కరి బిడ్డ కూడా తనంతట తాను బయటికి రాదా అని రావియాకి ఆశ్చర్యం వేసింది. భయం కంటే, కోపం కంటే, ముందు అదే కలిగింది.

మెట్లు దిగుతుండగా ఇంకో సంగతి తోచింది. అంత మాట చెప్పిన మనిషి తన పొట్ట మీద చెయ్యి పెట్టలేదు. బాగుచెయ్యమని పాత కుర్చీ తెచ్చినవాళ్లకి కూడా, అరచేత్తో నొక్కి చూడకుండా, రావియా ఏనాడూ ఏమీ చెప్పలేదు.

ఆదివారం కార్ఖానాలో పెళ్లివారి సోఫా ఒకటి పూర్తి చేయాలి. ఈజిప్టులో చెక్కసామాన్లకి పేరున్న దుమ్యాత్‌లో ఏ సందులోకి వెళ్లినా రంపపు పొట్టు వాసనే. రావియా పనిచేసే చోట మాత్రం దూది వాసన ఎక్కువ. ఆమె చెక్క చట్రం మీద గోనెపట్టీలు బిగించి, దూది పరిచి, దాని మీద ముతక గుడ్డ వేసి, కళ్లు మూసుకుని రెండు అరచేతులూ ఆ గుడ్డ మీద నడిపిస్తుంది. ఎక్కడ గడ్డకట్టిందో, ఎక్కడ బోలుగా ఉందో చేతికి తెలుస్తుంది. పొడవాటి సూది గుచ్చి లోపలి దూదిని రవ్వంత జరుపుతుంది. మళ్లీ నిమురుతుంది. ఆ తర్వాతే పైన పట్టుగుడ్డ, దానికి చిన్న మేకులు.

మధ్యాహ్నం నమాజు వేళకి పని ఆగింది. ఆమె స్పాంజి దిండ్ల గుట్ట మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, తన పొట్ట మీద చేతులు నడిపించింది. కుడి పక్కటెముకల కింద గుండ్రంగా, గట్టిగా ఏదో తగిలింది. వేళ్లతో అటు తోస్తే అదొక్కటే కొంచెం కదిలి, మళ్లీ వచ్చి వేళ్లకి తగిలింది. కింద, బొడ్డుకి దిగువన, ఇంకోటి. అది మెత్తన. తోస్తే మొత్తం పొట్టంతా కదిలింది గానీ అది విడిగా కదల్లేదు.

"పైనున్నది తలే," అంది రావియా, కళ్లు తెరవకుండానే.

పక్కన కూర్చుని టమాటా కోస్తున్న హానిమ్ ఫక్కున నవ్వింది. ఇరవయ్యేళ్లుగా అక్కడే కిటికీ తెరలు కుడుతున్న మనిషి. "ఏంటే, పొట్టలో దూది సర్దుతున్నావా?"

"ఇది కిందకి రావాలి హానిమక్కా. అది పైకి పోవాలి. అంతే కదా? ఇంత పొట్టలో అంత చిన్న పని ఎవరూ చెయ్యలేరా?"

హానిమ్ కత్తి పక్కన పెట్టింది. "మా చెల్లెలి కూతురికీ ఇలాగే అయింది. పెద్దాసుపత్రిలో సనియ్యా డాక్టరమ్మ తిప్పింది. మంగళ, గురువారాలు చూస్తుంది. పెనం మీద రొట్టె తిప్పినట్టు తిప్పిందట."

"నిజంగా తిరిగిందా?"

"తిరిగింది. ఇప్పుడు వాడు మా గోడలెక్కి తిరుగుతున్నాడు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర రావియా ఈ మాట ఎత్తగానే, హాజ్జా ఇన్సాఫ్ రొట్టె ముక్కని పళ్లెంలో పడేసింది. "సర్కారు ఆసుపత్రికా? ఒక్కో మంచానికి ఇద్దరుంటారు అక్కడ. ఎవరితోనో పొట్ట పిసికించుకుంటావా?"

భర్త ఫిక్రీ తలెత్తి ఇద్దరినీ చూశాడు. అతను చెక్క మీద పూలు చెక్కుతాడు. రోజంతా ఉలి పట్టిన చేత్తో తెల్ల జున్ను తుంచి రొట్టెలో పెట్టుకున్నాడు. చివరికి, "నీకేమన్నా అయితే?" అన్నాడు.

"కోసినా ఏమన్నా కావచ్చుగా ఫిక్రీ. ఒకసారి కోస్తే తర్వాత ప్రతి కాన్పుకీ కొయ్యాలంటున్నారు. కోయించుకోనని నేనెక్కడన్నా అన్నానా? కోసే ముందు ఒకసారి అడుగుదాం అంటున్నా. అదెలా తిప్పుతారో నాకు చూడాలనుంది."

"చూట్టానికి అదేం సర్కసే?" అంది ఇన్సాఫ్.

ఫిక్రీ వంగి భార్య పొట్టకి నోరు ఆనించాడు. "అమ్మాయ్, నేను మీ నాన్నని, చెప్తున్నా. మర్యాదగా నువ్వే తిరిగెయ్. మీ అమ్మా, నానమ్మా కొట్టుకునేలా ఉన్నారు."

పిల్ల తిరగలేదు. మంగళవారం ముగ్గురిలో ఇద్దరు, రావియా, ఫిక్రీ, పెద్దాసుపత్రికి వెళ్లారు.

సనియ్యా డాక్టరమ్మ అరవయ్యేళ్ల పొట్టి మనిషి. కళ్లద్దాలు మెడలో గొలుసుకి వేలాడుతున్నాయి. వేళ్లు పొట్టిగా, మొద్దుగా, డాక్టరు వేళ్లలా కాక రొట్టెల పిండి పిసికే ఆడవాళ్ల వేళ్లలా ఉన్నాయి. రావియా బల్ల మీద పడుకోగానే, ఆవిడ టీ గ్లాసు పట్టుకుని చేతులు వెచ్చబెట్టుకుని, పొట్ట మీద పెట్టింది. యంత్రం వైపు చూడనైనా లేదు.

"ముందు చేతులు. తర్వాత మిషను. నేను తప్పు చెప్తే మిషను నన్ను చూసి నవ్వుతుంది." కాసేపు తడిమింది. "తల కుడి పక్కన, పైన. వీపు ఎడం వైపు. కాళ్లు మొహం దగ్గరికి మడుచుకుంది, సోమరిపోతు."

"తల నాకూ దొరికింది డాక్టరమ్మా. తోస్తే అదొక్కటే కదులుతుంది."

సనియ్యా కళ్లద్దాలు పెట్టుకుని ఆమె మొహంలోకి చూసింది. "నువ్వేం పని చేస్తావమ్మాయ్?"

"సోఫాలకి దూది నింపుతా."

"అదీ సంగతి. మా కుర్ర డాక్టర్లని నాలుగు రోజులు మీ దగ్గరికి పంపిస్తా."

స్కాను అదే మాట చెప్పింది. ఆ తర్వాత సనియ్యా ఫిక్రీని కూడా కూర్చోబెట్టి చెప్పింది. "వినండి. పదిమందికి చేస్తే అయిదుగురికి తిరుగుతుంది. తొలిచూలు కాబట్టి నీకు ఇంకొంచెం తక్కువే అనుకో. నొప్పి ఉంటుంది. బిడ్డ గుండె మందగిస్తే ఆపేస్తా. ఎప్పుడో నూటికొకరికి అప్పటికప్పుడు కోయాల్సి రావచ్చు. అందుకే ఆ పక్క గది సిద్ధం చేయించా. తిరక్కపోతే సిజేరియన్ చేద్దాం, నేనే చేస్తా. కత్తి చెడ్డదని నేననను. ఈ చేతులతో ఎందరి ప్రాణాలో దానితోనే కాపాడా. ఊరికే ఎందుకు కోయడం అని, అంతే."

ముందు పొట్టకి పట్టీ కట్టి బిడ్డ గుండె చప్పుడు విన్నారు. అది గుర్రం పరుగులా గదంతా వినపడింది. తర్వాత గర్భసంచి మెత్తబడడానికి సూది వేశారు. రావియా ఫిక్రీ చెయ్యి పట్టుకుంది. సనియ్యా పొట్టకి నూనె రాసి మొదలుపెట్టింది.

తిరగలేదు. మొదటిసారి పిర్రలు పైకి లేచాయి గానీ, చెయ్యి సడలించగానే మళ్లీ దిగిపోయాయి. రెండోసారి రావియా పళ్లు బిగించి, ఫిక్రీ మణికట్టుని గోళ్లు దిగేలా పట్టుకుంది. మూడోసారి "ఆపండి!" అని అరిచింది. ఆ మాట పూర్తికాక ముందే సనియ్యా చేతులు గాలిలో ఉన్నాయి.

రావియాకి సిగ్గేసింది. "ఇంకాస్త ఓర్చుకోవాల్సింది."

"ఎందుకూ? ఓర్పు పరీక్ష కాదిది. నువ్వు ఆపమంటే ఆపుతానని నీకు తెలిస్తేనే నీ పొట్ట నా మాట వింటుంది." ఆవిడ నుదుటి చెమట భుజానికి తుడుచుకుంది. "అదీ అలిసిపోయింది, నేనూ అలిసిపోయా. గురువారం రండి. అప్పటికీ కుదరకపోతే డేటు రాసిస్తా."

ఇంటికి రాగానే హాజ్జా ఇన్సాఫ్ అడిగింది. సంగతి విని, "చెప్పలేదూ?" అంది. అంటూనే కోడలికి పుదీనా టీ కలిపిచ్చింది. పొట్ట మీద కమిలిన చోట్లు చూసి, దిండు తెచ్చి వీపు కింద పెట్టింది.

గురువారం ఫిక్రీకి గుమ్మాలు బిగించే పని పడింది. రావియా ఒక్కతే చున్నీ సర్దుకుంటుంటే, ఇన్సాఫ్ తన నల్ల అబాయా తొడుక్కుని వాకిట్లో నిలబడి ఉంది. "ఒక్కదాన్నే పంపిస్తే జనం నన్నంటారు," అంది.

గదిలో ఆవిడ రావియా తల దగ్గర, గోడకి ఆనుకుని, తస్బీ పూసలు తిప్పుతూ నిలబడింది. మళ్లీ పట్టీ, సూది, నూనె. సనియ్యా ఈసారి బల్లని తల వైపు కొంచెం వాల్పించింది. కుడిచేతిని పొత్తికడుపు కింద, ఎముక పక్కన దించింది. ఎడంచెయ్యి పక్కటెముకల దగ్గర తల మీద పెట్టింది గానీ దానితో ఏమీ చెయ్యలేదు. కింది చెయ్యి పిర్రల్ని గిన్నెలోంచి ఎత్తినట్టు పైకెత్తి, అలాగే ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందంటే, ఆవిడ నిద్రపోయిందేమో అనుకుంది రావియా.

"ఊపిరి వదులు తల్లీ. పెదాలు కాదు, దవడ వదులు. ఆఁ."

రావియా దవడ వదిలింది. అప్పుడు పై చెయ్యి కదిలింది. తోయలేదు, పిండి ముద్ద మీద గుడ్డ సర్దినట్టు తలని పక్కకి ఒరిపించింది. లోపల ఏదో ఆలోచించినట్టు ఒక్క క్షణం బిగుసుకుంది. తర్వాత పొట్ట మొత్తం ఒక పక్కకి ఉబ్బి, ఆ ఉబ్బు అడ్డంగా నడిచి, దుప్పటి కింద నిద్రపోతున్న మనిషి అటు తిరిగి పడుకున్నట్టు, సర్దుకుపోయింది.

నొప్పి ఒక్కసారిగా తెగిపోయింది. బిడ్డ గుండె గుర్రం పరుగు కాస్త నెమ్మదించి, మళ్లీ అందుకుంది.

"యా రబ్బీ!" అంది హాజ్జా ఇన్సాఫ్. తస్బీ నేల మీద ఉంది. "నా కళ్లతో చూశా. నడిచింది. లోపల నడిచింది."

నర్సు స్కాను పెట్టి చూపించింది. తల కింద ఉంది. సనియ్యా గోడ పక్క స్టూలు మీద కూలబడి, చేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, చల్లారిన తన టీ ఇమ్మంది. "గంటసేపు పట్టీ ఉంచండి. మళ్లీ తిరిగే పిల్లలు కూడా ఉంటారు, మరీ మురిసిపోకండి," అంది. ఆవిడే మురిసిపోతూ ఉంది.

తిరుగు దారిలో బస్సెక్కే ముందు ఇన్సాఫ్ జిలేబీలాంటి ముషబ్బక్ అరకిలో కొంది. పాకం కారుతున్న పొట్లం ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి నైలు నది వైపు చూస్తూ కూర్చుంది. వంతెన దాటాక అంది: "ఫిక్రీ కూడా కడుపులో ఇలాగే కూర్చునే ఉన్నాడు."

రావియా అటు తిరిగింది.

"ఆ తర్వాత ఇంకో ఇద్దరూ కోతే. మొదటిది కోత కాబట్టి." పొట్లం మూతి మళ్లీ బిగించింది. "నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనూ ఎవర్నీ ఏమీ అడగలేదు."

శనివారం ఇద్దరూ క్లినిక్కుకి వెళ్లారు. డాక్టర్ హాజిమ్ యంత్రపు మూతిని తిన్నగా కుడి పక్కటెముకల కింద పెట్టాడు. తెర వైపు చూశాడు. తెర పక్కకి వాల్చి మళ్లీ చూశాడు. మూతిని కిందకి జరిపాడు.

"తిరిగిందే!"

"తిప్పారు," అంది రావియా.

"ఎవరు?"

చెప్పింది. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. "ఎంత ప్రమాదమో తెలుసా? మాయ ఊడితే?"

"ఆవిడ చెప్పింది డాక్టరు గారూ. తిప్పే ముందూ, తిప్పాకా పట్టీ కట్టి గుండె చూశారు. ఆపరేషన్ గది తెరిచి పెట్టుకున్నారు."

ఆయన మూతిని ఇంకోసారి జరిపాడు. "సరే. కానీ ఇప్పుడు బొడ్డుపేగు మెడకి ఒక చుట్టు ఉంది. ఉమ్మనీరు కూడా కొంచెం తక్కువలా ఉంది. డేటు అలాగే ఉంచుదాం."

"ఎంత తక్కువ?"

హాజిమ్ తెర మీద అంకె చూసి, మళ్లీ కొలిచాడు. రావియా వాదనకి అడగలేదు. దూది ఎన్ని కిలోలు పట్టిందో అడిగినట్టు, తెలుసుకోవాలని అడిగింది.

"ఉండాల్సినంతే ఉంది," అన్నాడు చివరికి. "అంచున ఉంది."

"మెడకి చుట్టు ఉన్న పిల్లలు మామూలుగా పుట్టరా?"

"పుడతారు." మూతిని తీసి కొక్కేనికి తగిలించాడు. "చాలామంది పుడతారు."

"అయితే నా పేరు ఆ గురువారం లోంచి తీసెయ్యండి డాక్టరు గారూ. అది చెప్పడానికే వచ్చాం."

ఆమె లేచి కూర్చుని చున్నీ సర్దుకుంది. బయట రిసెప్షన్ అమ్మాయి తలుపు తోసి, తర్వాతి పేరు పిలవనా అని అడిగింది. హాజిమ్ ఆగమని చెయ్యి ఊపి, లేచి, తలుపు మూసి వచ్చాడు. వచ్చి కూర్చోలేదు.

"ముందు ఏ చెయ్యి?" అన్నాడు.

అత్తాకోడళ్లకి అర్థం కాలేదు.

"ఆవిడ. ముందు ఏ చెయ్యి కదిలించింది?" ఆయన తన రెండు చేతులూ గాలిలో, లేని పొట్ట మీద, అటూ ఇటూ పెట్టి చూసుకుంటున్నాడు. ముప్పయ్యయిదేళ్లు కూడా ఉండవు. ఆ క్షణాన ఇంకా చిన్నవాడిలా ఉన్నాడు. "పరీక్షలో రాశాను. పూర్తి మార్కులొచ్చాయి. ఎవరన్నా చేస్తుంటే మాత్రం చూళ్లేదు. మేం చేరేసరికే మా దగ్గర ఎవరూ చెయ్యడం లేదు."

"కింది చెయ్యి," అంది రావియా. "కింది చెయ్యి ముందు. పిర్రల్ని ఎముక పైకి ఎత్తాలి. పై చెయ్యి ఊరికే ఉంటుంది."

"ఊరికేనా?"

"ఊరికే. చాలాసేపు ఆగుతుంది. పొట్ట ఒప్పుకునేదాకా. నేను మొదటి రోజు ఒప్పుకోలేదు."

"ఎంత బలంగా?"

"అది మాటల్లో చెప్పలేను డాక్టరు గారూ." ఆమె అత్తగారి వైపు చూసింది. హాజ్జా ఇన్సాఫ్ గడ్డం పైకెత్తి, "కానీయండి, నేనున్నాగా," అంది.

రావియా మళ్లీ పడుకుంది. "మిషను వద్దు. చేత్తో చూడండి. తల ఎక్కడుందో చెప్పండి."

హాజిమ్ అరచేతులు పొట్ట మీద ఆనించాడు. వేళ్లు మొదట కోడిగుడ్ల బుట్టలో పెట్టినట్టు భయపడ్డాయి. తెర వైపు చూడబోయి, తల తిప్పుకున్నాడు. "పైన ఇది... మెత్తగా ఉంది."

"తోసి చూడండి. విడిగా కదులుతుందా?"

"లేదు. అంతా కలిసి కదులుతోంది." చేతులు కిందకి దిగాయి. ఆగాయి. రెండు వేళ్లతో మెల్లిగా అటు ఇటు కదిపాడు. ఆయన మొహంలో ఏదో విచ్చుకుంది. "ఇదిగో," అన్నాడు. "ఇది తల."

"చేతులు చల్లగా ఉన్నాయి బాబూ," అంది ఇన్సాఫ్. "ఆవిడ టీ గ్లాసు పట్టుకుని వెచ్చబెట్టుకుంటుంది."

మూడు వారాల తర్వాత, ఓ మంగళవారం పొద్దున, రావియా కార్ఖానాలో కుర్చీ వీపుకి మేకులు కొడుతుండగా నొప్పులు మొదలయ్యాయి. ఆ కుర్చీ పూర్తి చేసే లేచింది. పెద్దాసుపత్రిలో పరీక్షించి, ఇంకా చాలా టైముంది, నడవమన్నారు. హాజ్జా ఇన్సాఫ్ ఒక చంక కింద చెయ్యి వేసి నడిపించింది. నొప్పి వచ్చినప్పుడు ఇద్దరూ గోడ పట్టుకుని ఆగేవారు, పోగానే మళ్లీ నడిచేవారు.

వరండా చివర బెంచీ మీద నలుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. చివరామె చేతిలోని కార్డు రంగు చూసి రావియా ఆగింది. అది హాజిమ్ డాక్టరు క్లినిక్కు కార్డు. తేదీ రాసే గడి ఖాళీగా ఉంది.

"నాకూ ఎదురుకాళ్లే," అంది ఆ అమ్మాయి, అడక్కుండానే. "కోసే ముందు ఇక్కడ ఒకసారి అడిగి చూద్దాం అన్నారు మా డాక్టరు. లోపలున్నారు, ఆయన కూడా వచ్చారు."

మూసిన తలుపు వెనక నుంచి సనియ్యా గొంతు వినపడుతోంది: "పై చెయ్యి తియ్యి! ఎవరు తొందరపెట్టారు నిన్ను? ఆగు. ఇంకా ఆగు."

ఆ అమ్మాయి పెదాలు తడుపుకుంది. "నొప్పిగా ఉంటుందా అక్కా?"

రావియా జవాబివ్వబోయింది గానీ నొప్పి వచ్చింది. బెంచీ వీపు పట్టుకుని, కళ్లు మూసుకుని, దవడ వదిలి, అది పూర్తిగా పోయేదాకా నిలబడింది.

"ఉంటుంది," అంది కళ్లు తెరిచాక. "తిరుగుతుందో లేదో నేను చెప్పలేను. కానీ ఆపమంటే ఆపుతారు. అక్కడ అడిగితే చెప్తారు, అన్నీ అడుగు."

ఇన్సాఫ్ ఆమె చెయ్యి లాగింది. ఇద్దరూ వరండా ఆ చివరిదాకా నడిచి, మళ్లీ వెనక్కి తిరిగారు. సాయంత్రం నాలుగు దాటాక పిల్ల పుట్టింది. ముందు నల్లటి జుట్టుతో తల, తర్వాత ఒక భుజం, తర్వాత ఒక్కసారిగా అంతా. మెడకి పేగు చుట్టు నిజంగానే ఉంది. నర్సు దాన్ని రెండు వేళ్లతో, దండ తీసినట్టు, తల మీదుగా తీసేసింది.